ల్యాబ్‌కి తాళం వేసుంది సార్

"వాక్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్" అన్నారు స్క్రీన్ మీది సార్.

పోయిన సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అది. కంపెనీ పేరెందుకు లెండి. నేను పదో తరగతి దాకా పరకాల దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియం. వాక్ అంటే నడవడం, త్రూ అంటే గుండా. ప్రాజెక్ట్ ఉన్న చోటికి నడిపించుకెళ్లి చూపించమంటున్నారేమో అనుకున్నా. ఆరోజు ఆదివారం. "సర్, ల్యాబ్ ఈజ్ లాక్డ్ టుడే" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఓకే" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

నిద్రలో లేపి అడిగినా ఆ ప్రాజెక్ట్ గురించి చెప్పగలను. నా చిన్నప్పుడు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. మా బాపు టార్చ్ పట్టుకొని బాయి కాడికి పోయేవాడు. అందుకే మిస్డ్ కాల్ ఇస్తే మోటార్ ఆన్ అయ్యేట్టు, నీళ్లు అడుగంటితే దానంతటదే ఆగిపోయేట్టు జీఎస్‌ఎమ్ మాడ్యూల్‌తో చేశాను. ఆయన అడిగింది సరిగ్గా అదే, మొదటి నుంచి చివరిదాకా వివరించమని. ఆ ముక్క నా రూమ్‌మేట్ చెప్పేసరికి సెలెక్షన్ లిస్ట్ కూడా వచ్చేసింది. అందులో నేను లేను.

కసికొద్దీ ఇడియమ్స్ పుస్తకం కొన్నా. రోజుకు ఇరవై చొప్పున బట్టీ. వారం తిరిగేసరికి పుట్ ఆఫ్, పుట్ అప్, పుట్ అప్ విత్ మూడూ కలిసి పులిహోర అయ్యాయి.

మా రూమ్‌మేట్‌ది ఒడిశా. తెలుగు కొంచెం కొంచెం పట్టుకుంటున్నాడు. ఒకరోజు మెస్‌లో నేను ఇంకో ఫ్రెండ్‌తో, "కాజీపేట స్టేషన్ల దింపుతా అన్నడు, లాస్ట్‌కి చెయ్యిచ్చిండు" అంటుంటే విని, "మంచోడే కదా భాయ్, హెల్ప్ చేశాడు" అన్నాడు. ఇంగ్లీషులో చెయ్యిస్తే సాయం. మన దగ్గర చెయ్యిస్తే నడిరోడ్డు!

ఆ రాత్రి వాడు 'కొట్టు' మీద పడ్డాడు. ఫోన్ కొట్టు, ఈత కొట్టు, కన్ను కొట్టు, కాపీ కొట్టు, బంక్ కొట్టు, డబ్బా కొట్టు, బోర్ కొట్టడం... "వీటన్నిట్లో దెబ్బ ఎవరికి తగిలింది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇవన్నీ నేను ఏ పుస్తకంలో బట్టీ పట్టాను గనక? అటు ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 'రన్' అనే ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్కపెట్టారట. వాళ్ల కొట్టు అదన్నమాట.

అప్పట్నుంచి పుస్తకం పక్కన పెట్టి హాస్టల్‌నే పుస్తకం చేసుకున్నా. మిడ్ ఎగ్జామ్ వచ్చే వారానికి జరిగితే పుట్ ఆఫ్. అసలే రద్దయితే కాల్ ఆఫ్ (మన బ్రాంచ్‌లో ఇంతవరకు చూడలేదు). పెరుగు అయిపోతే రన్ అవుట్. మెస్ సాంబార్‌ని నాలుగేళ్లు భరించడం పుట్ అప్ విత్. ఇంకో మాట, కాలేజీ అయిపోతే మనం 'పాస్ అవుట్' అయ్యామంటాం. మిలిటరీ అకాడమీల్లో పాసింగ్ అవుట్ పరేడ్ ఉంది కాబట్టి అది తప్పేం కాదు. కానీ అమెరికా వాళ్లతో అంటే మీరు స్పృహ తప్పారనుకుంటారు. వాళ్ల దగ్గర గ్రాడ్యుయేట్ అయ్యామంటే సరిపోతుంది.

మన కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. జనం పలుకుబడే అసలు భాష అని ఆయన వాదించారు. పలుకుబడి అంటే మాట తీరు. పలుకుబడి అంటే పరపతి కూడా. ఈ రెంటికీ ఒకే మాట ఎందుకుందో ఆ ఆదివారమే నాకు బాగా తెలిసొచ్చింది.

మొన్న ఇంకో ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి బాపు టార్చ్ దగ్గర మొదలుపెట్టి పది నిమిషాలు ఆగకుండా చెప్పా. చివర్లో వాళ్లు "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అన్నారు. పుస్తకం తీసి చూస్తే, తిరిగి సంప్రదిస్తాం అని ఉంది. పై రూమ్ సీనియర్ అన్న నవ్వి, "దాని అసలు అర్థం బుక్కుల ఉండదు తమ్మీ" అన్నాడు.

పద్దెనిమిది రోజులైంది. క్లాసులో కూడా ఫోన్ సైలెంట్‌లో పెట్టట్లేదు.