అమ్మ వద్దన్న పాట

1971లో కార్తీక పౌర్ణమికి బాపట్ల నుంచి మా ఇంటిల్లిపాదీ సూర్యలంక సముద్రస్నానానికి వెళ్ళాం. మిలిటరీలో ఉన్న మా తమ్ముడు సెలవు మీద వచ్చాడు. మర్నాడే వాడి ప్రయాణం.

స్నానాలయ్యాక సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. నాన్నగారు కూనిరాగం తీశారు. హైదరాబాదులో గుమాస్తాగిరీ చేసినన్నాళ్ళలో ఆయనకి అబ్బింది ఉర్దూ ఒక్కటేననీ, డబ్బు అబ్బలేదనీ అమ్మ దెప్పుతూండేది. పాటలో 'సిపాయి' అన్న మాట చెవిని పడగానే అమ్మ గయ్యిమంది.

"ఏమండీ, రేపు పిల్లాడు రైలెక్కుతూంటే ఆ యుద్ధం పాటలేమిటి, అపశకునం!"

నాన్నగారు ఠక్కున మానేశారు. తిరుగుదారిలో బండిలో నేనే కదిపాను.

"ఎవరిది నాన్నగారూ, ఆ పాట?"

"మఖ్దూం మొహియుద్దీన్‌ది. 1908లో మెదకు సీమలోని అందోలులో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పి, ఆ కొలువు వదిలి కార్మికుల్లోకి వెళ్ళాడు. నిజాం మీద రైతులు తిరగబడితే వాళ్ళ పక్షాన నిలిచాడు, అజ్ఞాతవాసం చేశాడు. సినిమాల కోసం కలం పట్టినవాడు కాదురా, సినిమాలే ఆయన కవిత్వాన్ని వెతుక్కుంటూ వచ్చాయి. 1960లో 'ఉస్నే కహా థా'లో ఈ పాటకి సలీల్ చౌదరి బాణీ కట్టాడు. 1969లో కన్నుమూశాడు. ఆ యేటి సాహిత్య అకాడమీ బహుమతి ఆయన 'బిసాతె రక్స్'కే."

"అయితే యుద్ధాన్ని పొగిడే పాటేనా?"

"కాదు. వెనక మిగిలే ఆడవాళ్ళ దుఃఖం తలుచుకునే పాట."

అమ్మ అటు తిరిగి కూర్చుంది. విన్నదో లేదో తెలియలేదు.

డిసెంబరులో యుద్ధం వచ్చింది. తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. రేడియో వార్తలు కాగానే ఇల్లంతా నిశ్శబ్దం. ఒక రాత్రి వంటింటి గుమ్మంలోంచి అమ్మ మెల్లిగా అన్నది:

"ఏమండీ, ఆ పాట ఒక్కసారి పాడండి."

నాన్నగారు మొదలుపెట్టారు గాని, సగంలో గొంతు పూడుకుపోయింది. ఉర్దూలో ఒక్క ముక్క రాని అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ మహానుభావుడికి మన ఇంటి సంగతి ఎవరు చెప్పారండీ!" అన్నది.

ఉగాదికి తమ్ముడు క్షేమంగా ఇంటికి వచ్చాడు.

1982లో 'బజార్' సినిమాలో మఖ్దూం పూలపాట వచ్చి, ఎక్కడ విన్నా అదే మోగింది. నేను టేపు తెచ్చి వినిపిస్తే అమ్మ మెచ్చుకుంది. ఆ వెంటనే, "పూలకేంలే గాని, మన సిపాయి పాట పెట్టరా" అన్నది.