చెల్లి సైకిల్ వెనక చక్రం

హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకునే మన గ్రూపులో సైకిల్ చక్రం మీద ఇంత పొడుగు పోస్టేంటి అనుకోకండి. పోయిన వానాకాలం మా వల్ల ఒక అమ్మాయి చదువు ఆగిపోబోయింది. అందుకే రాస్తున్నాం.

మేము ముగ్గురం పాడేరు దగ్గర ఒకే గూడెం వాళ్లం. మాలో ఒకడి చెల్లి టెన్త్ చదువుతోంది. ఇంటి నుంచి బడి 7 కిలోమీటర్లు, సగం దిగుడే. తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో లేడీస్ సైకిల్ కొనిచ్చాం. నాలుగు నెలలు తిరక్కుండానే వెనక చక్రం పుల్లలు, అదే స్పోకులు, తెగడం మొదలైంది. ఒకటి తెగితే పీకేశాం. రెండోదీ అంతే. నాలుగు పోయేసరికి చక్రం పాములా ఊగుతోంది. కొత్తవి వెయ్యాలంటే ఫ్రీవీల్ విప్పాలి, షాపుకి మోసుకెళ్లాలి. ఎవరు పడతారులే అని స్పోకు కీ తెచ్చి మిగిలినవన్నీ బాగా బిగించేశాం. చక్రం తిన్నగా తిరిగింది. ఇంజనీర్లం అయిపోయామనుకున్నాం.

పది రోజులకి, క్యారియర్ మీద బియ్యం బస్తాతో మలుపు తిరుగుతుంటే చక్రం ఒక్కసారిగా అప్పడంలా ముడుచుకుపోయింది. చెల్లి కుడి చెయ్యి విరిగింది. కట్టు కట్టించి తీసుకొచ్చాక వాళ్ల నాన్న ఒక్కటే అన్నాడు: "సైకిలూ వద్దు, బడీ వద్దు." మేము తల దించుకున్నాం. తప్పు మాదే కదా.

ఆ చక్రం పట్టుకుని మండలం సెంటర్లో సైకిల్ షాపు మామ దగ్గరికెళ్లాం. తిడతాడనుకున్నాం. ఆయన రోడ్డు పక్కన కరెంటు స్తంభం చూపించి, "దానికి స్టే వైరు ఎక్కడ కట్టారో చూడండిరా" అన్నాడు. స్తంభానికి దూరంగా పాతారు. మొదట్లోనే పాతితే స్తంభం పక్కకి ఒరిగిపోకుండా ఆపలేదు. పుల్లలూ అంతే. హబ్‌కి రెండు పక్కలా ఉండే బిళ్లల నుంచి అవి ఏటవాలుగా రిమ్ముకి వస్తాయి. ఆ బిళ్లల మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే చక్రం పక్కకి వంగకుండా అంత గట్టిగా నిలబడుతుంది. వెనక చక్రానికి కుడివైపు ఫ్రీవీల్ చోటు తినేస్తుంది కాబట్టి ఆ పక్క పుల్లలు కాస్త నిటారుగా ఉంటాయి, వాటి మీదే లాగుడు ఎక్కువ. మావి తెగింది కూడా ఆ పక్కే.

మాకు మింగుడుపడని సంగతి ఇంకోటుంది. పుల్లల్ని ఎంత బిగించినా పక్కబలం పెరగదట. బిగువు చేసేది వేరే పని. రిమ్ముని పక్కకి తోస్తే ఒక పక్క పుల్లలు బిగుస్తాయి, రెండో పక్కవి వదులవుతాయి. పూర్తిగా వదులైన పుల్ల పని చెయ్యదు. అంతవరకూ రాకుండా కాపాడేదే బిగువు. పక్కబలం వచ్చేది పుల్లల సంఖ్య, మందం, వాలు, రిమ్ము గట్టిదనం నుంచి. మేము నాలుగు పీకేసి, మిగిలినవాటిని బిగించి, బలం వచ్చిందనుకున్నాం. ఆ ఖాళీల దగ్గర రిమ్ముని పట్టుకునే దిక్కే లేదు.

కొత్త రిమ్ము, 36 పుల్లలు కొన్నాం. మామ చెప్తుంటే మేమే అల్లాం. ఒక్కో పక్కకి 18. అందులో తొమ్మిది ఒక వాలుకి, తొమ్మిది ఎదురు వాలుకి. మొదటి తొమ్మిదీ రిమ్ములో ప్రతి నాలుగో కన్నంలోకి వెళ్లాలి. ఒక కన్నం తప్పితే చివర్లో అన్నీ పొట్టివో పొడుగువో అయిపోతాయి, మేము రెండుసార్లు మొత్తం విప్పాం. ప్రతి పుల్లా ఎదురు వాలు పుల్లల్ని మూడుసార్లు దాటుతుంది, మూడోసారి కింద నుంచి దూరుతుంది. నులక మంచం అల్లినవాళ్లకి చెయ్యి త్వరగా పడుతుంది. ఈ అడ్డదిడ్డం అల్లిక పక్కబలం కోసం కాదు, పెడల్ తొక్కినప్పుడు హబ్ మెలితిప్పే బలాన్ని రిమ్ముకి చేర్చడానికి. ఇలా వాలుగా అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. మన నాన్నల నల్ల సైకిళ్లకి ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి, బరువంతా వెనకే కదా.

బెండు తియ్యడానికి స్టాండు అక్కర్లేదు. సైకిల్‌ని తలకిందులుగా పెట్టి, ఫోర్కుకి వెదురు పుల్ల కట్టి, రిమ్ము ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ పావు చుట్టు చొప్పున తిప్పాం. గోరుతో మీటితే ఒక పక్కవన్నీ దగ్గర దగ్గరగా ఒకే శబ్దం రావాలి. చివర్లో జంట పుల్లల్ని చేత్తో గట్టిగా నొక్కితే టక్ టక్‌మని సర్దుకున్నాయి, మళ్లీ బెండు చూశాం. ఒక్క రోజు అనుకున్నది మూడు రోజులైంది.

వాళ్ల నాన్న చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రెండు అంచుల కింద ఇటుకలు పెట్టి, ఎక్కి నిలబడ్డాడు. మేము ఊపిరి బిగబట్టాం. దిగి, తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు సైకిల్‌కి గాలి కొట్టించుకొచ్చాడు.

చెల్లికి చెయ్యి అతుక్కునేసరికి అర్ధ సంవత్సరం పరీక్షలు పోయాయి, పబ్లిక్ పరీక్షలకి మాత్రం వెళ్లింది. ఆ దారిలో రానూపోనూ రోజుకి చక్రం ఆరున్నర వేల చుట్లకు పైనే తిరుగుతుంది. కిందికి వచ్చిన ప్రతిసారీ పుల్ల కాస్త వదులై, పైకి వెళ్లేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. అలా అలసిపోయే హబ్ దగ్గర వంపులో తెగుతుంది. అందుకే ఆదివారం ఆదివారం తనే గోరుతో మీటి చూసుకుంటోంది. పోయిన వారం ఎడమ పక్కది ఒకటి డబ్ డబ్‌మందని ఫోన్ చేసింది. మేము ఏం చెయ్యాలో చెప్పేలోపే "పావు చుట్టు తిప్పేశాను అన్నా" అంది.

మీ ఇంట్లో సైకిల్‌కి ఒక్క పుల్ల తెగినా పీకేసి ఊరుకోకండి. సెలవులకి ఊర్లోనే ఉంటాం. కీ మా దగ్గరుంది, పుల్లలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.