ఆనందపురం కూడలిలో ఆటల పటం

తెల్లవారుజాము ఐదింటికి ఆనందపురం కూడలి పూలతో నిండిపోతుంది. ఆటోల్లోంచి బంతి, చామంతి బుట్టలు దిగుతున్నాయి. ఆ పక్కనే సర్వీసు రోడ్డు మీద నలుగురు కుర్రాళ్లు పరుగు తీస్తున్నారు. సైన్యం ఎంపికల్లో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, వాళ్ల సాధన దానికోసమే. గ్రౌండ్ ఎక్కడని అడిగితే, ఒకడు రోడ్డు చూపించి "ఇదేనండి" అన్నాడు.

ఏ ఊళ్లో ఏ ఆట పుడుతుంది, ఎందుకు పుడుతుంది? దీనికీ ఒక శాస్త్రం ఉంది. అమెరికాలో జాన్ రూనీ 1974లోనే క్రీడల భూగోళశాస్త్రం మీద పుస్తకం తెచ్చి, ఏ ప్రాంతం ఎందరు ఆటగాళ్లను ఇస్తోందో పటాల మీద గుర్తించారు. అలాంటి పటం గీయడానికి ఈ కూడలి మంచి చోటు. అనకాపల్లి నుంచి వచ్చే ఆరు వరసల రహదారి ఇక్కడ పాత దారిలో కలుస్తుంది. ఒకవైపు విశాఖ, ఇంకోవైపు విజయనగరం, శ్రీకాకుళం.

విశాఖ దారిలో పది పన్నెండు కిలోమీటర్లు వెళితే పోతినమల్లయ్యపాలెం క్రికెట్ స్టేడియం. 1988 నుంచి 2001 దాకా నగరంలో అంతర్జాతీయ వన్డేలు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగేవి. క్రికెట్‌కు ఎకరాల కొద్దీ నేల కావాలి. కార్లు నిలపడానికి ఇంకాస్త కావాలి. ఆట ఊరి లోపలి నుంచి హైవే పక్కకు వచ్చేసింది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు బాదింది ఇక్కడే.

ఉత్తరం వైపు కథ వేరు. విజయనగరం దాటాక నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. బరువులెత్తేవాళ్ల ఊరుగా దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. ఇంకా పైకి వెళితే ఆమదాలవలస. అక్కడ నీలంశెట్టి అప్పన్న దగ్గర సాధన మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె.

బరువులెత్తే వేదిక నాలుగు మీటర్ల చదరం. పోటీ వేదికే అంత అయితే, సాధనకు ఒక షెడ్డు, ఒక ఇనుప కడ్డీ, కొన్ని బరువు బిళ్లలు చాలు. స్థలం లేని ఊళ్లకు ఈ ఆట అందడానికి అదొక కారణం. కానీ అంత చోటు ప్రతి ఊళ్లోనూ ఉంది కదా! కొండవెలగాడలో అక్కను చూసి చెల్లి, అన్నను చూసి తమ్ముడు కడ్డీ పట్టారు. నేర్పే మనిషి ఉన్నచోటే ఆట వేళ్లూనుతుంది. పటం మీద గుర్తించడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే.

ఏడయ్యేసరికి కూడలిలో లారీలు పెరిగాయి. ఇన్ని రోడ్లు వేసిన చోట ఈ పిల్లలకు నాలుగు వందల మీటర్ల మట్టి ట్రాక్ ఒక్కటైనా కావాలి. పూల ఆటోలు సర్వీసు రోడ్డులోకి తిరుగుతుంటే, కుర్రాళ్లు చివరి చుట్టు ఆపేసి బూట్లు విప్పుకుంటున్నారు.