పెరటి తోటల పోటీ – ఒక అనప తీగ

మా పాఠశాల హోసూరు పట్టణానికి సమీపంలోని ఒక పల్లెలో ఉన్నది. ఈ ప్రాంతం తమిళనాడులో ఉన్నప్పటికీ ఇచ్చటి అనేక గ్రామాలలో తరతరాలుగా తెలుగే ఇంటి భాష. 2006 నాటి చట్టం వలన పాఠశాలలలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం పిల్లలకు మేలే. అయితే తెలుగుకు తరగతి గది వెలుపల కూడ కొంత చోటు వెదకవలసి వచ్చింది. ఆ ఆలోచనతోనే ఒక శీతకాలంలో మా విద్యార్థుల ఇండ్లకు పెరటి తోటల పోటీ పెట్టాము.

నియమాలు సులభమైనవి. మొక్కల పెంపకానికి 20 మార్కులు, నీటి పొదుపునకు 10, ప్రతి మొక్క వద్ద తెలుగులో పేరు వ్రాసి పెట్టిన అట్టముక్కకు 20. పేర్లు పిల్లలే వ్రాయాలి. న్యాయనిర్ణేతను నేనే.

మొదటి బహుమతి పొందిన తోట గులాబీలది. హోసూరు గులాబీలకు ప్రసిద్ధి గదా! వరుసలు తీర్చినట్లున్నవి, అట్టలపై ఒక్క అక్షరదోషం లేదు. రెండవది చామంతుల తోట. మూడవది ఒక అవ్వ, ఆమె మనుమరాలు కలిసి పెంచిన కూరగాయల పెరడు. స్నానపు నీరు కాలువ గుండా వంగ మళ్ళకు పారుతున్నది, కంచె పొడవునా పచ్చని తీగ అల్లుకొని ఉన్నది. పెంపకంలోను, నీటి పొదుపులోను అన్నిటికంటె మిన్న అదే. కాని అట్టల దగ్గర నేను ఆగిపోయాను. కంచె మీది తీగకు ఆ పిల్ల ‘అనప’ అని వ్రాసింది. నేను గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినవాడిని. మా వైపు ఆనపకాయ అంటే సొరకాయ. చిక్కుడు జాతి తీగకు సొరకాయ పేరు పెట్టినదనుకొని, ఎర్ర సిరాతో కొట్టివేసి ‘చిక్కుడు’ అని దిద్దాను. ‘ఎర్రగడ్డ’ను కొట్టి ‘ఉల్లి’ అని వ్రాశాను. పది మార్కులు తగ్గించాను.

మరునాటి నుండి ఆ పిల్ల తెలుగు తరగతిలో నోరు విప్పలేదు. ‘మా ఇంటి వంట’ గురించి పది వాక్యాలు వ్రాయమంటే ఖాళీ కాగితం ఇచ్చింది. ఎందుకని అడిగితే, “మా ఇంటి మాటలు తప్పు కదా సార్” అన్నది.

ఆ వారంలోనే అవ్వ కొంగున కొన్ని కాయలు కట్టుకొని బడికి వచ్చింది. “అయివారూ, మా అమ్మా, మా అవ్వా దీన్ని అనపకాయనే అనిరి. వీటి గింజలు నానబెట్టి, పితికి, పితికిపప్పు చేస్తాము. ఇది తెలుగు కాదంటే మేము మాట్లాడేది ఏ భాష?” అని అడిగింది. ఆమె కంఠంలో కోపం లేదు. నా వద్ద సమాధానం లేదు.

విచారించగా తెలిసినది: చిత్తూరు వైపు కూడ అనప అంటే ఈ కాయే. మా గోదావరి మాట ఒకటి, వీరి మాట మరొకటి. రెండూ తెలుగే. తమిళుల ‘అవరై’, కన్నడిగుల ‘అవరె’ కూడ ఈ కాయకే పేర్లు. ఆ పిల్లకు తెలిసినంత నాకు తెలియలేదు.

తరగతి ముందు నా తప్పు ఒప్పుకొని, తగ్గించిన మార్కులు తిరిగి కలిపాను. గులాబీ తోట వారి బహుమతిని వెనుకకు తీసుకోవడం న్యాయం కాదు కనుక రెండు తోటలనూ సమానంగా ప్రథమమని ప్రకటించాము. నియమం కూడ మార్చాము. ఇకపై అట్టమీద ముందు ఇంటి మాట, దాని క్రింద పుస్తకపు మాట. తమిళ, కన్నడ నామాలు తెలిసినవారు వాటినీ చేర్చవచ్చును.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇదే. పరాయి రాష్ట్రంలో తెలుగు తగ్గిపోతున్నదని మనం బాధపడతాము. కాని ఇంట బ్రతికి ఉన్న మాటను తప్పని కొట్టివేసే ఎర్ర సిరా మన చేతిలోనే ఉండవచ్చును. దిద్దేముందు ఒక్కసారి ఆ ఇంటి పెద్దలను అడగండి. తల్లిదండ్రులారా, మీ మాటను అయ్యవారు తప్పంటే, ఆ అవ్వ వలె బడికి వచ్చి అడగండి.

ఆ పిల్ల పది వాక్యాలు తరువాత వ్రాసింది. మొదటి వాక్యం పితికిపప్పు గురించే.