నామ్చేలో నాగా

మన పేటలో పనికి పోని రోజుని సెలవు అనరు, నాగా అంటారు. నాగా పడితే కూలి పోయినట్టే. అందుకే నామ్చే బజారులో పొద్దున్నే మా షేర్పా గైడు "ఈ రోజు ముందుకు పోయేది లేదు, ఇక్కడే ఉంటాం" అనగానే నాకు ముందు తట్టింది లెక్కే. గది కిరాయి, రెండు పూటల దాల్‌భాత్, గైడు కూలి. నడవకుండానే ఇంత ఖర్చా అనిపించింది.

టవల్ కార్ఖానాలో సూపర్‌వైజరు పని చేసుకునేవాడికి ఎవరెస్ట్ బేస్ క్యాంపు పిచ్చి ఎట్లా పట్టిందన్నది వేరే కథ. మూడేళ్ళు భిసీ కట్టి పైసలు కూడబెట్టాను. కళసూబాయి రెండుసార్లు ఎక్కానని కొంచెం పొగరు కూడా ఉండేది. అది 1,646 మీటర్లు. లుక్లాలో విమానం దిగితేనే 2,860. రెండో రోజు సాయంత్రానికి నామ్చే, 3,440. మన సోలాపూరు చూస్తే నాలుగున్నర వందల మీటర్ల మీద ఉంది.

నామ్చేలో గాలి పలుచన. ఒక్కో శ్వాసకి మనకి అందే ప్రాణవాయువు కింద అందేదానికంటే మూడోవంతు తక్కువ. అందుకే మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడుకునే చోటు ఐదొందల మీటర్లకి మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని లెక్క పెట్టారు. మనవాళ్ళు ఏటా కేదార్‌నాథ్ పోయొస్తారు కదా, అది 3,583 మీటర్లు, నామ్చే కంటే ఎత్తు. గౌరీకుండ్ నుంచి ఒక్కరోజులో ఎక్కేస్తారు. తల తిరిగితే ఉపవాసం వల్ల అనుకుంటారు.

ఆ రాత్రంతా నాకు తలలో మేకు కొట్టినట్టుంది. పొద్దున ఒక్క రొట్టె ముక్క కూడా దిగలేదు. మా గుంపులో పుణె నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు "దాయీ, తల నొస్తోంది, నిద్ర పట్టలేదు" అని గైడుతో చెప్పేశాడు. ఇంత చిన్నదానికేనా అనుకున్నాను. నన్ను అడిగితే "బరాబర్ ఉన్నా" అన్నాను.

ఆగిన రోజంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం కాదు. పైన 3,880 మీటర్ల దగ్గర ఒక హోటలుంది, అక్కడి నుంచి ఎవరెస్టు కనిపిస్తుంది. అక్కడి దాకా ఎక్కి, చూసి, మళ్ళీ నామ్చేకే దిగి పడుకోవాలి. పైకి పోయొచ్చి కింద పడుకుంటే ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది.

నామ్చే దాటగానే ఏటవాలు. బరువులు మోసే కూలీలు మా పక్కనుంచే పోతున్నారు. వీపు మీద బుట్ట, నుదుటికి పట్టీ, చేతిలో పొట్టి కర్ర. కొన్ని అడుగులు వేసి, బుట్ట కింద ఆ కర్ర ఆనించి, నిలబడే అలుపు తీర్చుకుంటారు. ఆ కర్రని టోక్మా అంటారట. "వీళ్ళలో చాలామందిది దిగువ కొండల ఊళ్ళు, వీళ్ళకీ ఎత్తు పడదు. చెబితే కూలి పోతుందని దాచుకుంటారు" అన్నాడు గైడు.

నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మిల్లులో కార్డింగ్ ఖాతా, ముప్ఫై ఏళ్ళు. వారం సెలవు అయి మొదటి పాళీకి పోయిన రోజు ఛాతీ పట్టేసేది, దగ్గు ఆగేది కాదు. రెండు మూడు రోజులకి తగ్గేది. "చూసినవా, ఒక్కరోజు కూసుంటే ఒళ్ళు ఎట్ల చెడిపోతదో" అనేవాడు. అందుకే సెలవు రోజు కూడా చిన్నాయిన ఇంట్లో సాంచాల మీద నిలబడేవాడు. అది పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే జబ్బని, సెలవు తర్వాతి రోజే ఎక్కువ పట్టడం దాని గుణమని డాక్టరు చెప్పేసరికి చాలా ఆలస్యమైంది. అప్పటికి మా ఇంటి మెట్లు ఎక్కడానికి నాయిన మూడుచోట్ల ఆగేవాడు. గోడకి చెయ్యి ఆనించి, నోరు తెరిచి.

ఆ దారిలో నేనూ అట్లాగే నిలబడి ఉన్నానని, బండకి ఆనించిన నా చెయ్యి చూసుకున్నాకే తెలిసింది. అప్పుడు చెప్పాను. గైడు నా వేలికి మిషను పెట్టాడు. 79. ఏమీ తిట్టలేదు. "పైకి వద్దు" అని కిందికి తీసుకొచ్చాడు. వెల్లుల్లి సూపు తాగించాడు, డైమాక్స్ గోళీ ఇచ్చాడు. తలనొప్పి తగ్గకపోయినా, తాగినవాడిలా అడుగులు తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా రాత్రని చూడకుండా దిగిపోవాలని గట్టిగా చెప్పాడు.

మర్నాడు మావాళ్ళు ముందుకు పోయారు. సహాయకుడొకడు, నేను మిగిలాం. బేస్ క్యాంపు చూడలేదని ఇక్కడే చెప్పేస్తున్నా, రోజులు చాలక డింగ్‌బోచే నుంచి తిరిగొచ్చాను. వచ్చాక కార్ఖానాలో అందరూ అదే అడిగారు.

ఆ రెండో రోజు నామ్చేలో ఎండలో కూర్చున్నాను. ఊరు గుర్రపు నాడాలా వంగి ఉంటుంది, వరసలు వరసలుగా ఇళ్ళు. ఎక్కడో రాయి చెక్కుతున్న చప్పుడు. నా చేతులకి ఏం పని చెప్పాలో తెలియలేదు. గంటకోసారి మూత్రానికి లేస్తుంటే సహాయకుడు నవ్వి, మంచిదే, ఒళ్ళు ఎత్తుకి సర్దుకుంటోంది అన్నాడు. నిజంగానే సాయంత్రానికి తల దిగింది, ఆకలేసింది.

అమ్మకి ఫోను చేశాను. అటువైపు బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"ఎందాక పోయినవ్ రా?"

"యాడికీ పోలేదమ్మా. ఇయ్యాల ఊకె కూసున్న."

కత్తెర ఆగింది.

"పానం మంచిగ లేదా?"

"నిన్న లేకుండె. ఇప్పుడు మంచిగనే ఉంది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కూసో మరి" అంది. "తిన్నవా?"