ఫోటోలో ఇల్లు

జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఊళ్లో ఇల్లు కొనాలంటే ముందుగా చూసేది ఫోన్లో ఫోటోలే. సెలవు ఏడాదికో రెండేళ్లకో దొరుకుతుంది. అందాకా అవే వాళ్ల కళ్లు. ఏళ్ల తరబడి ఎండలో చేసిన కష్టం ఆ నాలుగు బొమ్మల మీద ఆధారపడుతుంది. అమ్మేవాళ్లేమో వైడ్ యాంగిల్‌లో తీయిస్తారు. పదడుగుల గది కాస్తా ఫంక్షన్ హాలైపోతుంది!

అదే గదిలో ఓ మంచం వేసి తీస్తే కొలత దానంతటదే తెలుస్తుంది. పొద్దున్నే కిటికీలు తెరిచి, లైట్లార్పి తీస్తే వెలుతురెంతో తేలిపోతుంది. వాకిలి, బోరు, వీధి వెడల్పూ కనపడాలి. చెమ్మ పట్టిన గోడనీ చూపించాలి. దాస్తే విమానం టికెట్టు పెట్టుకుని వచ్చినవాడు గుమ్మంలోంచే వెనుదిరుగుతాడు.

సిరిసిల్లది మరో కథ. అక్కడ ఇంటికి ఆనుకుని సాంచాల షెడ్డుంటే, ఖాళీ అయ్యాక కొందరు ఫోటోలో దాన్ని వదిలేస్తారు. మగ్గాలు పెట్టుకోవాలనుకునేవాడు వెతికేదే ఆ షెడ్డునీ, త్రీఫేజ్ మీటరునీ!

కెమెరా ముందు గోడ మీది తాత ఫోటో, పిల్లల చదువు సర్టిఫికెట్లు దించేయాలి. అమ్మకు మనసొప్పకపోయినా సరే. దస్తావేజుల ఫోటోలు మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. ఇల్లెవరిదో, అప్పేమైనా ఉందో తెలియాలంటే కొనేవాళ్లు ఈసీ తీయించుకోవాల్సిందే.