సర్దార్జీ గొంతు

మా తాతకు చెముడు. మా అమ్మ మాత్రం అది చెముడు కాదు, తెలివి అనేది. ఎందుకంటే తనకు ఇష్టంలేని మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా వినిపించేది కాదు. కాని ఒక్క మనిషి గొంతు మాత్రం మొదటిసారికే అందేది. ఆయన ఆకాశవాణి హిందీ కామెంటేటరు జస్‌దేవ్ సింగ్. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి అనలేదు. "సర్దార్జీ వచ్చిండు" అంటే హాకీ మొదలైందని అర్థం.

బోధనులో ఉర్దూ అర్థంకాని ఇల్లు తక్కువ. తాత నిజాం కాలంలో ఉర్దూలోనే చదువుకున్నాడు. అందుచేత ఆ కామెంటరీ మాకు పరాయిది కాలేదు. ఇంగ్లీషులో వస్తే మాత్రం తాత రేడియో బంద్ చేయించేవాడు, అది ఎంత మంచి మ్యాచి అయినా సరే!

క్రికెట్ చెప్పేవాళ్లకు బంతికీ బంతికీ మధ్య ఊపిరి తీసుకునే తీరిక ఉంటుంది. మబ్బు పట్టిందనో, జనం బాగా వచ్చారనో చెప్పుకోవచ్చు. హాకీలో ఆ వీలేదీ? బంతి ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు పోయేలోగా పేరు పలకాలి. సర్దార్జీ బంతి వెంట పరుగెత్తేవాడు. మైదానం నడుమ నింపాదిగా సాగిన గొంతు, గోల్ దగ్గర పడేకొద్దీ ఉరికేది. గాంధీగారి అంతిమయాత్రను మెల్విల్ డిమెల్లో రేడియోలో వర్ణించగా విని, తానూ ఆ పనే చేయాలనుకున్నాడట. 1955లో జైపూర్ కేంద్రంలో చేరాడు.

1975 మార్చి 15, శనివారం. కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు ఫైనల్, మనకూ పాకిస్తాన్‌కూ. చెరకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరే రోజులు. తాత జ్వరంతో మంచాన ఉన్నాడు. ఆయాసపడనివ్వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పి వెళ్లారు. అయినా రేడియో మంచం పక్కకు రావలసిందే! జ్వరానికి చెవి మరీ మందగించింది. మాటలు అందక, ఆ చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించి పడుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం నా పని.

17వ నిమిషంలో పాకిస్తాన్ గోల్ కొట్టింది. అది చెప్పాను. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. ఇంకా ఎంతసేపటికీ మనవాళ్లు కొట్టరు. ఆయన ఎగశ్వాస చూడలేక, "తాతా, మనది కూడ అయింది, ఒకటి ఒకటి" అని అరిచాను.

తాత కళ్లు తెరిచాడు.

"అబద్ధమాడకురా. సర్దార్జీ ఉరుకలే. గోల్ అయితే ఊకుంటడా?"

నా తల వాలిపోయింది. ఆయన చెయ్యి పెట్టె మీదినుంచి తీయలేదు. రెండో సగంలో, 44వ నిమిషంలో సుర్జీత్ సింగ్ నిజంగానే గోల్ కొట్టాడు. నేను నోరు తెరవలేదు, సిగ్గుతో. "అయిందిరా!" అన్నది తాతే. 51వ నిమిషంలో అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌కొయ్య మూలకు తగిలి వెనక్కు వచ్చింది. పాకిస్తాన్ వాళ్లు గోల్ కాదన్నారు, అంపైరు ఔనన్నాడు. ఆ గోల కూడ తాత అరచేతితోనే విన్నాడు. మనం 2-1తో గెలిచాం. ఆయాసమూ లేదు, ఏమీ లేదు. అమ్మను కేకవేసి చాయ్ అడిగాడు.

ఆయన విన్న ఆఖరు మ్యాచి అదే. ఆ వానకాలం చూడలేదు.

జస్‌దేవ్ సింగ్ ఆ తర్వాత కూడ ఎంతో కాలం మాట్లాడాడు. మొత్తం తొమ్మిది ఒలింపిక్స్ చెప్పాడు. 2008లో పద్మభూషణ్ ఇచ్చారు. 2018 సెప్టెంబరు 25న పోయాడని పేపర్లో చూసి, ఆ నాలుగు పంక్తులూ పైకి చదివాను. అప్పటికి మా చక్కెర ఫ్యాక్టరీ మూతపడి మూడేళ్లు కావస్తున్నది, సైరన్ కూడ లేక ఊరంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఎవరాయన? మీకు తెలుసా?" అంది మా ఆవిడ.

"తాతకు బాగా తెలుసు" అన్నాను.